చేదు గిన్నె

మా అత్త నమిలి ఉమ్మే దోసకాయ ముక్కలకు గిన్నె పట్టుకోవడం నా ఉద్యోగం. ఆరేళ్లయినా ఆ గిన్నె పట్టుకుంటే మొహం పక్కకి తిప్పుకుంటాను.

చేదు లేని దోస విత్తనం తయారుచేయాలని పన్నెండు ఇళ్లవాళ్లం కలిశాం. ఏ పాదు కాయ చేదో అత్త కొరికి చెబుతుంది, ఆ పాదు పీకేస్తాం. మంచి పాదు విత్తనం అందరం పంచుకుంటాం. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు.

ఇవాళ విత్తనాల షెడ్డులో పన్నెండు ఇళ్లవాళ్లూ ఉండగా అత్త ఒక కాయ కోసి, కొరికి, మింగేసింది.

"తియ్యగా ఉంది. దీని విత్తనమే ఉంచుదాం. మీరూ చూడండి" అంటూ తలా ఒక ముక్క ఇచ్చింది.

నోట్లో పెట్టుకున్నానో లేదో, విషంలా చేదు. చుట్టూ చూస్తే అందరి మొహాలూ ముడుచుకుపోయాయి. ఒక్కరూ ఉమ్మలేదు.

"బెల్లం ముక్కేనండీ" అన్నాడు మెకానిక్.

"పెద్దావిడ నాలుకకి తిరుగేముంది" అంది టీచరమ్మ.

ఛీ, ఏం మనుషులు, అనుకుంటూ నేనూ మింగాను.

అత్త కత్తి పక్కన పెట్టింది.

"మొన్న జ్వరం వచ్చినప్పటి నుంచి నా నాలుకకి ఏ రుచీ తెలియట్లేదు. ఇక మీలో ఎవరి నాలుకని నమ్మొచ్చో చూద్దామని అలా అన్నా. మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది, చేదని."

అత్త నావైపు తిరిగింది.

"ఆ గిన్నె ఇలా తే, అమ్మాయ్."

పట్టుకున్నాను. థూ అని ఉమ్మింది.

ఆమె నోట్లో ముక్కేమీ లేదు.