మైనస్ ఇంటూ మైనస్

సుద్దముక్క ఆమె చేతిలోనే విరిగింది. వంగి తీయబోతే మిగిలిన ముక్క కూడా జారింది.

"తొమ్మిదో తరగతి పిల్లలూ, మీ కొత్త లెక్కల టీచరు" అన్నారు లెక్చరర్ వెనక బెంచీలోంచి.

బెంచీల్లో ఉన్నది పిల్లలు కాదు, ఆమెతో పాటు టీచర్ ట్రైనింగ్ చదువుతున్నవాళ్లు. ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు పిల్లలవుతారు. మొద్దు విద్యార్థి వేషం ఎవరిదో లెక్చరర్ ముందే ఆ ఒక్కరి చెవిలో చెబుతారు. ఆ మొద్దుకు అర్థమయ్యేలా చెబితేనే పాస్. లేకపోతే లెక్కలు వదులుకోవాలి.

ఆమెది చరిత్ర. చరిత్ర ఒక్కటే చెప్పేవాళ్లు అక్కర్లేదని ప్రతి బడిలోనూ అన్నారు. అందుకే లెక్కలు అదనపు సబ్జెక్టుగా తీసుకుంది.

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని బోర్డు మీద రాసింది. ముందు బెంచీలో సైన్సమ్మాయి ఆమె చేతులకేసి చూసి తల దించుకుంది.

మూడో బెంచీలో చెయ్యి లేచింది. కవిగారు. సాహిత్యం చదివి, ఆమెలాగే ఉద్యోగం కోసం లెక్కలు తీసుకున్న మనిషి. ఆ పేరు తోటివాళ్లు పెట్టిందే.

"ఎందుకు టీచర్?"

"అది... సూత్రం."

"సూత్రమే టీచర్. కానీ రెండూ మైనస్‌లేగా, ప్లస్ ఎక్కణ్నుంచి ఊడిపడింది?"

నవ్వులు. "వచ్చాడ్రా మొద్దబ్బాయి!" అన్నారెవరో. లెక్చరర్ పెన్ను ఆగింది.

ఆమె సంఖ్యారేఖ గీసింది. కవిగారు తల అడ్డంగా ఊపారు. మళ్లీ చెప్పింది. మళ్లీ ఊపారు. ఇక అయిపోయింది అనుకుంది. సుద్ద పక్కన పెట్టి, వెనక్కి నాలుగడుగులు నడిచింది.

"నేనిలా వెనక్కి నడుస్తుంటే వీడియో తీశారనుకోండి. ఆ వీడియోను వెనక్కి తిప్పితే?"

కవిగారి పెదవులు కదిలాయి. "ముందుకు... ముందుకు నడుస్తారు! ప్లస్!" లేచి నిలబడ్డారు. "అర్థమైంది టీచర్!"

చప్పట్లు మోగాయి.

"పాస్" అన్నారు లెక్చరర్. "కవిగారూ, వెళ్లేముందు ఒకసారి నా గదికి రండి."

"నటనకు బహుమతి ఇస్తారు కాబోలు!" అన్నారు బెంచీల్లోంచి ఎవరో.

వరండాలో ఆమె ఆయన్ని ఆపింది. "ప్రాణాలు తోడేశారు కదండీ!"

"ఆ వీడియో సంగతి ఇంకోసారి చెబుతారా? రేపు నా పాఠం."

"చాల్లెండి మహానుభావా, నాటకం అయిపోయింది."

ఆయన కాస్త ఆలస్యంగా నవ్వారు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని లెక్చరర్ గదివైపు వెళ్లారు.

సైన్సమ్మాయి పరుగున వచ్చింది. "సారీ అక్కా. నీ చేతులు అలా వణుకుతుంటే నాకు నోరు పెగల్లేదు. సార్ తిడతారేమోనని భయంగా ఉంది."

"నిన్నెందుకే తిట్టడం?"

"మొద్దు వేషం నాకిచ్చారు."