గోడకెక్కే ఫోటో

"అత్తయ్యా, ఒక్క ఫోటో. సూటిగా కెమెరాలోకి చూసి, కాస్త హుందాగా నవ్వండి చాలు."

స్టిల్ ఫోటోగ్రాఫర్ ఆ మాట అనగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది. చేతిలోని టీ కప్పు పక్కన పెట్టేసింది.

సీరియళ్లలో పనిచేసేవాళ్లకి ఈ మాట వింటే చాలు, సంగతి అర్థమైపోతుంది. హుందాగా నవ్వే ఫోటో అడిగేది ఒకందుకే. ఫ్రేము కట్టించి హాల్లో గోడకి తగిలించడానికి. అంటే కథలో ఆ పాత్ర పోయిందన్నమాట. ఇదే సెట్లో తాతయ్య వేషం వేసిన పెద్దాయన, పాపం, ఫోటో భలే వచ్చిందని మురిసిపోయి ఇంటికో కాపీ కూడా అడిగి పట్టుకెళ్లాడు. ఆ వారమే గోడకెక్కాడు. మళ్లీ ఆయన్ని పిలిచిన నాథుడు లేడు.

"ఎందుకు నాయనా ఇప్పుడు ఫోటో?"

"నాకేం తెలుసత్తయ్యా? డైరెక్టర్ గారు తెమ్మన్నారు." అతను నేలచూపులు చూశాడు. అబద్ధం ఆడటం కూడా చేతకాని మనిషి.

ఆవిడ అసలు పేరు సెట్లో ఎవరూ పలకరు. ఇంట్లో అందరి గొడవల్లోనూ తలదూర్చి నవ్వించే అత్తయ్య వేషం ఆవిడది. చివరికి అదే పేరైపోయింది. సినిమాల్లో పిలుపులు ఎప్పుడో ఆగిపోయాయి. మిగిలింది ఈ ఒక్క సీరియలే. ఇదీ పోతే రేపు పొద్దున్న లేచి ముఖానికి రంగు వేసుకోవాల్సిన పని ఉండదు.

"సరే, తియ్యి" అంది.

అతను బటన్ నొక్కే క్షణానికి కనుగుడ్లు రెండూ ముక్కు దగ్గరికి తెచ్చేసింది.

"అత్తయ్యా!"

"అలవాటు నాయనా, ఏం చేయను? మళ్లీ తియ్యి."

ఈసారి పైపెదవి మడిచి పళ్లన్నీ బయటపెట్టింది. ఆ తర్వాత బుగ్గలో నాలుక. అతను ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేషాలు. చివరికి అతనే నవ్వాపుకోలేక కెమెరా దించేశాడు.

కాసేపటికి డైరెక్టరే మేకప్ రూముకి వచ్చాడు.

"ఏంటత్తయ్యా ఇది? ఎపిసోడ్ రేపే వెళ్లాలి. పోనీ పాత ఫోటోలు వెతికిద్దామంటే ఒక్కదాంట్లోనూ మీ ముఖం ముఖంలా లేదు."

"నన్ను చంపేస్తున్నారా?"

వేళాకోళంగా అందామనుకుంది. వేళాకోళంలా రాలేదు.

డైరెక్టర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఛానెల్ వాళ్ల మాట. కామెడీ ఇక చాలంటున్నారు, కన్నీళ్లు కావాలంటున్నారు. నా చేతుల్లో ఏం లేదు."

"అయితే నా దగ్గరా ఈ ముఖాలే ఉన్నాయి. వీటి కింద నిలబడి ఏడ్చేవాళ్లెవరో ఏడవమనండి, చూస్తాను."

"మన కోడలి వేషం అమ్మాయుందిగా! గ్లిజరిన్ లేకుండానే బొటబొటా కారుస్తుంది."

"ఆ అమ్మాయి కూడా నవ్వేస్తే?"

డైరెక్టర్ స్టూలు మీంచి లేచాడు. "సీను ఓకే కాకపోతే మీరు బతికినట్టే. ఛానెల్ వాళ్లతో నేను పోట్లాడతాను. ఓకే అయితే మాత్రం..."

"నా సంచీ నేనే సర్దుకుంటాను, సరేనా?"

మెల్లకన్ను ఫోటోకి ఫ్రేము కట్టి హాల్లో గోడకి తగిలించారు. సెట్టు తలుపులు మూసుకున్నాయి. మేకప్ రూములో ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. హెయిర్ డ్రెస్సర్ ఎంత కూర్చోమన్నా కూర్చోదు. ఎన్ని హాళ్లు ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లినా చలించని మనిషి, ఒక్క నవ్వు కోసం గోడకి చెవి ఆనించి నిలబడింది.

"యాక్షన్!"

నిశ్శబ్దం.

"అత్తయ్యా, మమ్మల్నిలా వదిలేసి..." కోడలి గొంతు. నిజంగానే ఏడుపు జీర.

ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. "అయిపోయిందే. నా పని అయిపోయింది."

అంతలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో ముక్కుతో బుస్సుమన్నారు. క్షణంలో సెట్టంతా గొల్లుమంది.

"కట్! కట్!"

మళ్లీ యాక్షన్. ఈసారి కోడలు "అత్త" దాకా కూడా రాలేదు. మళ్లీ కట్. డైరెక్టర్ కేకలేశాడు, బతిమాలాడు, అందర్నీ బయటికి పంపి ముఖాలు కడుక్కుని రమ్మన్నాడు. వచ్చి, తలెత్తి ఫోటో చూశారు, మళ్లీ మొదలు.

హెయిర్ డ్రెస్సర్ ఆవిడ్ని గట్టిగా వాటేసుకుంది. "బతికిపోయావక్కా!"

ఆవిడ అప్పుడు కూర్చుంది. పొద్దుటి టీ చల్లారిపోయి తొరక కట్టి ఉంది. అదే అమృతంలా తాగేసింది. అవతల నవ్వులు ఇంకా ఆగలేదు. పైగా ఎక్కువయ్యాయి. కట్ అన్న కేక కూడా వినిపించడం లేదు. నవ్వీ నవ్వీ దగ్గుతున్నారు.

తలుపు తోసుకుని డైరెక్టర్ వచ్చాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

"మీరే గెలిచారత్తయ్యా. ఒక్కళ్ల కంట్లోనూ ఏడుపు చుక్క రాలేదు. కోడలైతే ఫోటో ముందు కూలబడి పొట్ట పట్టుకుంది. మిగతావాళ్లు ఆమె మీద పడి, ముఖాలు చేతుల్లో దాచుకున్నారు."

"అయితే నేను బతికినట్టేగా?"

అతను తల దించుకున్నాడు.

"సీను ఓకే అయిపోయింది. సౌండంతా తీసేసి వయొలిన్ వేస్తాం, ఫోటో మసగ్గానే కనిపిస్తుంది. కెమెరా తీసుకెళ్లి వాళ్ల వెనక పెట్టాను. ఆ భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, వెనకనుంచి చూస్తే... ఇన్నేళ్లలో నా సెట్లో ఎవరూ ఎవరికోసమూ అంతగా ఏడవలేదత్తయ్యా!"