దారి మరవని జాతి

"తాడు మీద చెయ్యెయ్యకు బావూ" అంది చిన్నతల్లి, గుర్రానికీ మనిషికీ మధ్య నిలబడి.

కాలనీ ఇనస్పెక్టరు శంకరరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని వెనక ఇద్దరు కూలీలు, ఓ చిన్న లారీ. రైల్వే క్వార్టర్ల దగ్గర గుర్రాన్ని కట్టకూడదని ఆఫీసు మాట. దాన్ని కొన్ని స్టేషన్ల దూరంలో ఉన్న బిల్హా ఊరి అవతల బందెలదొడ్డిలో పెట్టాలి. నెలాఖరుకి వేలం.

"నేనేటి సెయ్యను పిన్నీ? పెద్దసారు ఆర్డరు. అయినా పెళ్ళిళ్ళకి కూడా పనికిరాని ముసలిగుర్రం కోసం ఇంత గొడవేటి?"

"ముసలిదో పడుచుదో, దీని జాతేటో ఎరుగుదువా నువ్వు?"

అక్కణ్ణించి ఆమె నోరు ఆగలేదు. ఇది మార్వాడీ గుర్రం. లోపలికి వంగి కొనలు రెండూ తగిలే ఆ చెవులు చూస్తేనే జాతి తెలిసిపోతుంది. ఎడారిలో రాజుల్ని మోసిన జాతి. పైనున్నవాడు దెబ్బతిని మెడ మీద వాలిపోయినా, ఇసుకలో దారి తనే పట్టుకుని ఇంటికి చేర్చేదట. సంస్థానాలు పోయాక మేపే దిక్కులేక కొన్నిటిని కాల్చేశారు, కొన్నిటిని బళ్ళకి కట్టేశారు. మిగిలినవి కొద్ది. ఆ కొద్దిలో ఒకటి ఇది. పెళ్ళివాళ్ళకి తెల్లగుర్రమే కావాలి. నల్లదాన్ని బ్యాండువాళ్ళు కబేళాకి తోలబోతుంటే, చిన్నతల్లి పెనిమిటి పోలయ్య అడ్డుపడి తెచ్చుకున్నాడు. పోలయ్య పోయాడు. గుర్రం ఉంది.

శంకరరావు ఆ చెవులకేసి కాసేపు చూశాడు.

"అచ్ఛా. ఎంత దూరం నించయినా వచ్చేస్తాదా?"

"రాకేటి? తీసుకుపో. రేపు పొద్దుటికి ఇక్కడే ఉంటాది."

అనేసింది గానీ, లారీ మలుపు తిరిగాక గడపలో కూలబడింది. వేలంలో ముసలిగుర్రాన్ని కొనేవాళ్ళెవరో, ఎందుకు కొంటారో ఆమెకి తెలుసు.

తెల్లారి బిందెతో కుళాయి దగ్గరికి వస్తే, గుర్రం గేటులో నిలబడి ఉంది.

కబురంది శంకరరావు కుంటుకుంటూ వచ్చాడు. కాలు బెణికిందన్నాడు.

"అది బిల్హా నించి నడిచొచ్చింది. నువ్వు నీ క్వార్టరు నించి నడవలేకున్నావు. ఇంతకీ ముసలోళ్ళెవులు బావూ?"

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. అతను దాన్ని మళ్ళీ లారీ ఎక్కించాడు. ఈసారి గొలుసు వేయిస్తానన్నాడు. రెండురోజులు తిరక్కుండా గుర్రం మళ్ళీ గేటులో ఉంది. ఆ మాటు అతను వచ్చేసరికి చిన్నతల్లి పేడ చేతులతోనే ఎదురెళ్ళి, మీ నాన్నా మా ఆయనా ఒక షెడ్డులో డ్యూటీ చేశారు, నీకు సిగ్గు లేదా అని నలుగురిలో కడిగేసింది. నిద్రలేని ఎర్రకళ్ళు వంచుకుని అతను తాడు పట్టుకున్నాడు. గుర్రం పోయింది. మళ్ళీ వచ్చింది.

చివరికి పెద్దసారే జీపు దిగాడు. కాలనీ అంతా చుట్టూ మూగింది. దీన్ని ఎక్కిస్తే నన్నూ ఎక్కించండి, వేలంలో ఇద్దరికీ కలిపి పాట పెట్టుకోండి అని చిన్నతల్లి పెద్దసారుకి అర్థమయ్యేలా హిందీలో చెప్పి లారీకి అడ్డంగా కూర్చుంది.

అప్పుడు శంకరరావు ముందుకొచ్చాడు.

"ఇది దారి మరవని జాతి సార్. ఎక్కడ వదిలినా వచ్చేస్తుంది. మావల్ల కాదు."

ఓడినవాడి నోట తన మాటే వినబడేసరికి చిన్నతల్లి గుండె నిండింది.

పెద్దసారు గుర్రం చెవులు తాకి చూశాడు. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఇలాంటిదాన్ని వేలం వేస్తే మనకే నామోషీ అని, పాత గోడౌను వెనక ఖాళీజాగాలో కట్టుకోమని చెప్పి జీపెక్కాడు.

గెలిచిన మాట ఇంట్లో కూర్చుంటే అరగదు. మర్నాడే చిన్నతల్లి లోకల్ ఎక్కి బిల్హాలో దిగింది. దొడ్డి కాపలా అమ్మన్న ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీ గోడలూ నీ గొలుసులూ నా గుర్రాన్ని ఆపగలిగాయేట్రా?"

అమ్మన్న ఆమెని వింతగా చూశాడు. ఆపడమేమిటి, ఇక్కడి పచ్చగడ్డి మరిగి దానికి ఇల్లే గుర్తులేదన్నాడు.

"అది కదలనని మొండికేస్తే, శంకరరావు బాబే రాత్రేళ వచ్చి బతిమాలి నడిపించుకుపోయేవోరు."