లైటు పట్టిన చేతులు

అనకాపల్లిలో వంటింటి పక్క గదిలో కూర్చుని, శేషారత్నం ఆఫ్రికాలోని మలావీలో లైటు పట్టుకుంది. ఈ రోజుల్లో ఆదివారమొస్తే ప్రతి డాక్టరింటా ఇదే పని. ఆమె తొడుక్కున్న గ్లవ్స్ ఎటు కదిలితే, సముద్రం అవతల ఉచిత శిబిరంలో ఉక్కు చేతులు అటు కదులుతాయి. పక్కనే మరో జత తొడుక్కున్న కోడలు డాక్టర్ మందాకిని, ఆరేళ్ల తివోంగే గుండెకున్న చిల్లు మూసేసింది. కానీ ఆపరేషన్ కోసం ఆపిన గుండె మళ్లీ కొట్టుకోవడం లేదు.

"కుక్కర్ కూతలెట్టేస్తోందే," అంది శేషారత్నం.

"మాడితే మాడనివ్వండత్తయ్యా. లైటు మాత్రం కదపకండి!"

ఇక్కడ కోడలి వేళ్లు గాలిలో, అక్కడ ఉక్కు వేళ్లు ఆ గుండెను మెల్లగా నొక్కి వదులుతున్నాయి. శేషారత్నం ఊపిరి బిగబట్టి తెర వంక చూసింది. పిడికెడు గుండె ఒక్కసారి ఉలిక్కిపడింది. మళ్లీ కొట్టుకుంది. ఇక ఆగలేదు.

శేషారత్నం ఒళ్లు గగుర్పొడిచింది. తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించేసింది.

"అత్తయ్యా, లైటు!"

లైటు పక్కకు తిరిగిపోయింది. ఆ వెలుగులో, ఆపరేషన్ గది అద్దం అవతల నిలబడ్డ తివోంగే తల్లి తెర మీద కనిపించింది. తన బిడ్డ ముందు ఉక్కు చేతులు నమస్కారం పెట్టడం ఆమె కళ్లారా చూసింది. ఏమీ అర్థం కాకపోయినా, కన్నీళ్లతో తనూ చేతులు జోడించింది.