జెర్సీల సంచి

"గెలిచామా?" వంటింట్లోంచే అడిగింది అట్రాక్టా.

గుమ్మంలో మాలకీ టోపీ తీశాడు. జెర్సీల సంచి కింద పెట్టాడు. బూట్ల బురద పట్టాకేసి తుడిచాడు. తుడిచిన బూటే మళ్లీ తుడిచాడు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేమయ్యా? గెలిచామా, లేదా?"

"గెలిచాం. ఒక్క పాయింటు తేడాతో."

"అమ్మయ్య!" అంటూ ఆమె కుర్చీలో కూలబడింది. "రా, కూర్చో. టీ చల్లారిపోతోంది."

ఐర్లండ్‌లోని స్లైగో కౌంటీలో ఆడేది చేత్తోనూ బంతి పట్టే ఫుట్‌బాల్; అక్కడి క్లబ్బుల్లో డ్రమ్‌కీల్‌ది చిన్న జట్టు. పదిహేను మంది దొరకడమే గగనం. దొరికినవాళ్లలో సగం మంది ఒకరికొకరు అన్నదమ్ములు. ఆ జెర్సీలు ఉతికే పని ఏళ్ల తరబడి అట్రాక్టాదే. ఆమె భర్త ఫర్గల్ గోల్‌కీపరుగా ఉన్న రోజుల్లో వచ్చిన పని అది. ఫర్గల్ పోయినా పని మిగిలింది. తుంటి ఆపరేషను అయ్యాక ఆమె గేటు దాటింది లేదు. రోడ్డున పోయేవాళ్లు చెయ్యి ఊపుతారు, ఆగరు. ఆగితే ఏం మాట్లాడాలో వాళ్లకూ తెలియదు పాపం.

పోటీ నియమం చూస్తే మహా కఠినం. ఒక్క మ్యాచ్ ఓడారా, ఇక వచ్చే వేసవి దాకా ఇంటిదారే. జట్టు ఇంటిదారి పడితే సంచి రాదు. సంచి రాకపోతే ఆ తలుపు తట్టే దిక్కు లేదు. అదీ ఆమె భయం. కప్పు ఎవడు ఎగరేసుకుపోతే ఆమెకేం!

మాలకీ జట్టు సామాను చూసుకునే మనిషి. పెళ్లీ పెటాకులూ లేవు. కొండకవతల ఇల్లు, నాలుగు గొర్రెలు, ఓ చెవిటి కుక్క. ఆదివారం సంచి తెస్తాడు, గురువారం ఇస్త్రీ చేసినవి పట్టుకుపోతాడు. వచ్చిన ప్రతిసారీ "ఇక వెళతా" అని పదిసార్లు అంటాడు, కుర్చీ మాత్రం వదలడు.

క్వార్టర్‌ఫైనల్ కథ చెప్పిన రోజు వంటింటి బల్లే మైదానమైంది. చక్కెర గిన్నె గోలు. చెంచా మనవాడు.

"గార్టీన్ వాళ్ల ఫుల్‌బ్యాక్ లేడూ, ఆంబోతు! ఇదిగో ఇలా అడ్డమొచ్చాడు. మనవాడు బంతి చంకలో పెట్టుకుని వాడి పక్కనుంచి జారి, గోలు బారు మీదుగా కొట్టి పాయింటు తెచ్చాడు చూడూ..."

"పాల గిన్నె ఒలకబోస్తావ్, మెల్లిగా! ఆ ఆంబోతేం చేశాడు?"

"నోరెళ్లబెట్టాడు."

అట్రాక్టా పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్లయిందో అలా నవ్వి. నవ్వుతూనే సంచి విప్పింది.

"ఇదేమిటయ్యా, సబ్‌స్టిట్యూట్ గోలీ చొక్కాకు కూడా ఇంత బురద? వాడు మైదానంలోకి దిగను కూడా లేదంటివి!"

మాలకీ చెవులు ఎర్రబడ్డాయి. "వార్మప్‌లో పడ్డాడు."

"అయ్యో, నిలబడటం కూడా రాదా వాడికి!"

మర్నాడు తీగ మీద చొక్కాలన్నీ గాలికి చేతులూపుతుంటే పెరడు పెళ్లిల్లులా ఉంది. గురువారం సంచి వెళ్లిపోయాక తీగ బోడిగా మిగిలింది. ఆమె కిటికీ తెర వేసేసుకుంది. అలాంటి సాయంత్రాలు ఆమెకు ఏడుపొచ్చేది. ఎవరికోసం దాచుకోవాలి గనక, ఏడ్చేది.

సెమీఫైనల్ ముందు శుక్రవారం చర్చి ఫాదర్ ఇంటికొచ్చి సత్ప్రసాదం ఇచ్చి వెళ్లాడు. ఆ సంగతి విని మాలకీకి టీ గొంతులో అడ్డం పడింది.

"ఫాదర్ ఏమైనా అన్నాడా?"

"దేని గురించి?"

"ఊరికే... ఆట గురించి."

"ఆయనకు బంతి గుండ్రంగా ఉంటుందని తెలిస్తే గొప్ప. ఇంకో ముక్క యాపిల్ టార్ట్ వేసుకో."

సెమీఫైనల్ సంచి వచ్చింది. "మూడు పాయింట్లు" అన్నాడు మాలకీ. అన్నాడే గానీ మొహంలో కళ లేదు.

"గెలిచి కూడా ఆ ఏడుపు మొహమేమిటి?"

"ఇక మిగిలింది ఫైనలొక్కటే కదా, అట్రాక్టా. గెలిచినా ఓడినా దాంతో సరి. మళ్లీ వేసవిలోనే."

ఆమె లేచింది. కేటిల్ నిండే ఉంది, అయినా వెళ్లి మళ్లీ నీళ్లు పట్టింది. మాలకీ టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు. ఆ రోజు "ఇక వెళతా" అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు.

ఫైనల్ ఆదివారం ఆమె మంచి కార్డిగన్ వేసుకుంది. సోడా బ్రెడ్ కాల్చి, రెండు కప్పులు పెట్టి, మళ్లీ ఒకటి తీసేసి, మళ్లీ పెట్టింది. ఏం కబురు మోసుకొస్తాడో ఈ మనిషి! తలుపు చప్పుడైంది.

"ఏమైంది?"

మాలకీ సంచి దించలేదు.

"సమానమైంది. ఎవరూ గెలవలేదు. మళ్లీ ఆడాలి."

"మళ్లీనా!"

"నియమం అంతే."

"మంచి నియమం," అంది అట్రాక్టా.

రెండు వారాలు గడిచాయి. పెరట్లో చలి మొదలైంది. మాలకీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"నువ్వు నమ్మవేమో..."

"చెప్పు, నమ్ముతా."

"మళ్లీ సమానమే."

అట్రాక్టా నవ్వాపుకోలేక చేతికర్ర మీద ఊగిపోయింది.

"అదేం జట్టయ్యా బాబూ! ఓడనూ ఓడదు, గెలవనూ గెలవదు. ఇట్లా ఎన్నాళ్లు ఆడతారు?"

"క్రిస్మస్ దాకా పోవచ్చు," అన్నాడు మాలకీ నేలచూపులతో.

"పోనీ. తర్వాత ఈస్టర్ ఉంది. సంచి అక్కడ పడేసి లోపలికి రా, చలి కొడుతోంది."

మాలకీ లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అట్రాక్టా చక్కెర గిన్నె, చెంచా అతని ముందుకు జరిపి, చెప్పమన్నట్టు చూసింది.

జూలైలో మొదటి మ్యాచ్‌లోనే డ్రమ్‌కీల్ ఓడిపోయిందని, ఆ రోజు మాలకీ గుమ్మం తొక్కకముందే వంటింటి రేడియో వల్ల ఆమెకు తెలుసు.