అరెస్టు కాని అరెస్టు

ముందు కుట్టుమిషన్ ఆపాలి. షాపు షట్టర్ దించాలి. మంచంలో ఉన్న అమ్మకు నమ్మేలా ఒక అబద్ధం చెప్పాలి. లాయర్‌ను పట్టుకోవాలి. తమ్ముడి ఒంటి మీద దెబ్బ పడకముందే పోలీస్ స్టేషన్‌కు చేరాలి.

లాయర్ తప్ప అన్నీ అయ్యాయి.

లోపలి గదిలో తమ్ముడు నేల మీద కూర్చున్నాడు. చేతులకు గ్యారేజీ గ్రీజు ఇంకా అలాగే ఉంది.

“ఏం చేశాడు సార్?” అంది టైలరమ్మ.

“గడియారాల షాపు దోచారు. ఆ వీధిలో వీడు బండి మీద తిరిగాడు. ఒప్పుకుని సంతకం పెట్టమను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“రిపేరు చేసిన బండి అక్కా. నడిపి చూశా, అంతే.”

“దొంగలందరూ చెప్పేదే. నువ్వు బయట కూర్చోమ్మా.”

వరండాలో నలిగిన చొక్కాతో ఉన్న ఒక పెద్దాయన జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

“అరెస్టు చేశారా అని అడుగమ్మా. చేశామంటే కారణం చెప్పాలి, లాయర్‌ను పిలవనివ్వాలి, జడ్జి ముందు నిలబెట్టాలి. చేయలేదంటే లేచి ఇంటికి రావచ్చు.”

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బ్రోకర్ అనుకుందామె.

“నీ కమీషన్ ఎంత బాబాయ్?”

“ఏమీ లేదు.”

“మరి నా తమ్ముడు నీకేమవుతాడు?”

“ఏమీ కాడు. మంచివాడో కాదో కూడా తెలీదు. సంతకం మాత్రం పెట్టనివ్వకు.”

“వేరే బేరం చూసుకో,” అని విసురుగా లేచింది.

లోపల తమ్ముడి వేళ్ల మధ్య ఇన్‌స్పెక్టర్ పెన్ను దూరుస్తున్నాడు.

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

“వీడిని అరెస్టు చేశారా సార్?”

“అబ్బే, ఊరికే విచారణ.”

“అయితే లేవరా, ఇంటికి పోదాం.”

“ఎక్కడికి? కూర్చోరా.”

“అంటే అరెస్టే. కారణం రాసివ్వండి. లాయర్ వచ్చేదాకా వాడు పెన్ను పట్టడు.”

“నోరు బాగానే లేస్తోందే. లా చదివావా?”

“లేదు సార్. జాకెట్ కాస్త బిగుతైతేనే జనం నన్ను కారణం అడుగుతారు. మనిషిని పట్టుకొస్తే నేనడగొద్దా?”

మూలనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గాడు. వరండాలోని జనం మెడలు సాచారు. ఇన్‌స్పెక్టర్ పెన్ను లాక్కున్నాడు.

“తీసుకుపో. పిలిస్తే రావాలి.”

“కాగితం పంపండి. లాయర్‌తో వస్తాం.”

బయట పెద్దాయన లేడు. అన్న మాట వెనక్కి తీసుకుందామని గేటు దాకా వెతికింది.

“ఆ బ్రోకర్ ఎటెళ్లాడు?”

“బ్రోకరేంటమ్మా? ఆ కుర్రాణ్ణి వదలమని పొద్దున్నుంచీ మాతో గొడవ. విసిగిపోయి ఇప్పుడే వెళ్లాడు,” అన్నాడు గేటు కానిస్టేబుల్.

ఎప్పుడైనా అలాంటి గదిలో మీకు నోరు పెగలకపోతే, ఆ పెద్దాయనను ఒక్కసారి గుర్తు చేసుకోండి; దొంగలు ఊడ్చుకుపోయింది ఆయన షాపునే.