ట్రేలో తేలిన ముఖం

"ఇంకో నీళ్లల్ల ముంచేదాంక తలుపు తియ్యకవ్వా. ఎలుగు తగిలితే ఫోటో నల్లగైతది," అన్నాడు గంగారాం. ఫోటోలు శుభ్రంగా కడుగుతాడని కోరుట్లలో అతనికి పేరు.

చీకటిగదిలో ఎర్రబల్బు కింద, ట్రేలోని కాగితం మీద లస్మవ్వ కొడుకు ముఖం మెల్లగా తేలుతోంది. అతని చెల్లె పెళ్లిలో తీసిన ఫోటో అది. అతడు అడవికి పోయి అన్నల్లో కలిశాక ఇంట్లో మిగిలిన నెగెటివ్ ముక్క అదొక్కటే.

"పొద్దుగాల పోలీసోళ్లు వచ్చి వాని ఫోటో అడిగిండ్రు. లేదన్న," అంది లస్మవ్వ.

"మరిప్పుడెందుకు కడిగిస్తున్నవు?"

"వాని మొఖం యాదికొస్తలేదు, కొడుకా."

నుదుటి మీది గాటుతో సహా ముఖం స్పష్టంగా తేలింది. లస్మవ్వ రెప్ప వేయకుండా చూసింది.

"ఇగ తీస్త," అంటూ గంగారాం పట్టకారు అందుకున్నాడు.

"వద్దు. సూసిన, సాలు. గా ముక్క గూడ ఇయ్యి, పొయిల ఏస్త."

లేచి, తలుపు బార్లా తెరిచింది.